కాగితం మీద పద్నాలుగు నెలలు

మా మేనకోడలి మార్కుల లెక్క నా దగ్గరికి వచ్చింది ఒక జనవరి ఆదివారం ఉదయం. విజయవాడ భవానీపురంలో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. కెనడాలో ఆమెకు అది ఇంకా శనివారమే.

"మావయ్యా, నేను కూడితే ఒకటొస్తోంది, రూమ్మేట్ కూడితే ఇంకోటొస్తోంది. నువ్వోసారి కూడిపెట్టు," అంది.

ఆమె మా అక్క కూతురు. విజయవాడలో బీటెక్ చేసింది. ఒక కోచింగ్ కాలేజీలో మూడేళ్ళు కెమిస్ట్రీ చెప్పింది. తర్వాత కెనడా వెళ్ళి రెండేళ్ళ ఫుడ్ టెక్నాలజీ కోర్సు చదివింది. చదువయ్యాక మూడేళ్ళు ఉద్యోగం చేసుకోవడానికి పర్మిట్ ఇచ్చారు. ఆ మూడేళ్ళలో పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, తెచ్చుకోవాలి. లేకపోతే పెట్టె సర్దుకోవాలి. పీఆర్‌కి మార్కులుంటాయి. వయసుకు కొన్ని, చదువుకు కొన్ని, ఇంగ్లీషుకు కొన్ని, అక్కడ చేసిన ఉద్యోగానికి కొన్ని. అప్పుడప్పుడూ ప్రభుత్వం ఒక గీత గీసి, దానికి పైనున్నవాళ్ళని దరఖాస్తు పెట్టుకోమని పిలుస్తుంది. అప్పటికి ఆమె పర్మిట్‌లో పదిహేను నెలలు మిగిలాయి.

నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. మాది మచిలీపట్నం వైపు నేత కుటుంబం. లెక్కలు నాకు బడిలో కంటే పడుగు దగ్గర ఎక్కువ వచ్చాయి. చీర పొడవునా సాగే దారాలను పడుగు అంటారు. అంచుకెన్ని పోగులు, మధ్యలో ఎన్ని పోగులు అని మా నాన్న అడుగుతుంటే కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళుగా వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల దుకాణంలో పని చేస్తున్నాను. పెళ్ళికి బియ్యం ఎన్ని కిలోలు పడతాయన్నా, ప్రహరీకి ఎన్ని ఇటుకలన్నా బంధువులు నన్నే అడుగుతారు. కెనడా లెక్క రావడం మాత్రం అదే మొదలు.

మూడు ఆదివారాలు పట్టింది. ఆమె నిబంధనలు ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పేది. నేను పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేవాణ్ణి. కోచింగ్ కాలేజీలో చెప్పిన మూడేళ్ళకు వాళ్ళు సరైన ఉత్తరం ఇవ్వలేదు. ఏ ఉద్యోగం, వారానికి ఎన్ని గంటలు అని రాసి ఇవ్వకపోతే ఆ మూడేళ్ళూ లేనట్టే. చదువుకునే రోజుల్లో కాఫీ కొట్లో చేసిన పని లెక్కలోకి రాదు. పర్మిట్ వచ్చాక ఎనిమిది నెలలు ఒక షాపు కౌంటరులో నిలబడింది. ఆ రకం ఉద్యోగానికీ మార్కుల్లేవు. అన్నీ తీసేస్తే నిలిచింది, ఒక బ్రెడ్ ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం పదమూడు నెలలు. దాదాపు ఏడేళ్ళ కష్టంలో పదమూడు నెలలు నిలిచాయని చెప్పాను.

"నయం, నన్ను మొత్తంగా కొట్టేయలేదు," అంది.

ఫ్యాక్టరీలో రెండో ఏడాది త్వరగా నిండుతుందని ఆమె ఆదివారాలు కూడా పనికి వెళ్తోంది. వారానికి నలభై నాలుగు గంటలు. నిబంధన మళ్ళీ చదవమన్నాను. వారానికి ముప్పై గంటలకు మించి ఎంత చేసినా లెక్కలోకి రాదని అందులో స్పష్టంగా ఉంది. పరిగెత్తినా, నడిచినా రెండో ఏడాది డిసెంబరుకే నిండుతుంది.

అన్నీ కూడితే అప్పటి గీతకు పదకొండు మార్కులు తక్కువ. డిసెంబరులో రెండో ఏడాదికి పదమూడు మార్కులు కలుస్తాయి. గీత ఉన్నచోటే ఉంటే, పదకొండు తక్కువ కాస్తా రెండు ఎక్కువ అవుతుంది. పర్మిట్ ఏప్రిల్ దాకా ఉంది. సరిపోతుందని చెప్పబోతూ వయసు గడి దగ్గర ఆగాను. ఇరవై తొమ్మిదేళ్ళ దాకా మార్కులు నిండుగా ఉంటాయి. ముప్పై నిండిన రోజున ఐదు పోతాయి. పాస్‌పోర్టు ప్రకారం వచ్చే జూన్ ఒకటిన ఆమెకు ముప్పై. రెండు ఎక్కువ అనుకున్నది మూడు తక్కువ అయింది.

ఇంకోసారి చూసి చెప్తానని ఫోను పెట్టేశాను. చూడ్డానికేం లేదు. ఆ జూన్ ఒకటో తేదీ నేను పెట్టిందే.

ఆమె నిజంగా పుట్టింది ఆ తేదీకి పద్నాలుగు నెలల తర్వాత, ఒక ఆగస్టులో. ఆ వారం మా ఊళ్ళో, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గాల గుంటల్లోకి వాన నీళ్ళు ఊరి, నేత పనులన్నీ ఆగిపోయాయి. అందుకే నాకు తారీఖుతో సహా గుర్తు. మూడేళ్ళ పది నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం మగ్గం కిందికి దూరి పడుగును గుప్పిట పట్టి లాగింది. తెగిన పోగులు అతకడానికి అక్కకు రెండు రోజులు పట్టింది. ఇక దీన్ని బళ్ళో పడేయమని నాతో అంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పిల్ల అప్పటికే నూరు దాకా ఒంట్లు చెప్పేది. నేర్పింది నేనే. నాకూ దాన్ని బళ్ళో నలుగురికీ చూపించాలనే ఉంది.

అప్పట్లో మా ఊరి బళ్ళో పుట్టిన కాగితం అడిగేవాళ్ళు కాదు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోవాలి. అందితే ఐదేళ్ళు నిండినట్టు. మా పిల్లకు చెయ్యి నడినెత్తి దాటేది కాదు. రెండు వారాలు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి సాధన చేయించాను. తల కాస్త కుడివైపుకు వాల్చి, భుజం పైకెత్తితే చెవి కొసకు వేలి కొస తగులుతుందని కనిపెట్టాను. బళ్ళో ఆ పిల్ల అచ్చం అలాగే చేసింది. చేసి నావైపు చూసి నవ్వింది కూడా. హెడ్మాస్టరు గారికి అర్థం కాకపోలేదు. ఆయనా నవ్వి, పుట్టిన తేదీ చెప్పమన్నారు. జూన్ ఒకటికి ఐదు నిండాలి. నేను వెనక్కి లెక్కపెట్టి సరిగ్గా ఐదేళ్ళ కిందటి జూన్ ఒకటి ఠక్కున చెప్పాను. సంవత్సరం వెతుక్కోకుండా చెప్పినందుకు ఆయన మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇంటిదాకా మోసుకొచ్చి అక్కకు చెప్పాను. బడి రిజిస్టరులోని ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కణ్ణుంచి పాస్‌పోర్టులోకి వెళ్ళింది. మా వైపు నూటికి తొంభైమందికి అంతే. ఇంట్లో ఒక తేదీ, కాగితంలో ఒక తేదీ. ఎవరూ దాన్ని తప్పు అనుకోరు.

ఈ సంగతి మొదట మా ఆవిడకు చెప్పాను. ఆమె బీరకాయ చెక్కు తీస్తూ అంతా విని, "మేనకోడలికి పద్నాలుగు నెలలు కలిపారు కదండీ, ఆ చేత్తోనే నాకో పద్నాలుగు నెలలు తగ్గించి పెట్టకపోయారా," అంది. అక్కకు ఫోన్ చేస్తే ఆమె నవ్వలేదు.

"ఒరేయ్, బళ్ళో వేయమన్నాను గానీ దాన్ని పెద్దదాన్ని చెయ్యమన్నానా? నీ తెలివితేటలు దాని మీదే చూపించాలా?"



మర్నాడు దుకాణంలో ఒక పూట సెలవు అడిగి బెంజ్ సర్కిల్ వెళ్ళాను. అక్కడ మేడ మీద మేడ విదేశీ చదువుల ఆఫీసులే. ఒకదాంట్లోకి వెళ్ళి కూర్చున్నాను. గోడ నిండా పాస్‌పోర్టు పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోలు. మా పిల్ల పుట్టినప్పుడు జాతకం రాయించిన కాగితం నా జేబులో ఉంది. తారీఖు, వేళ, నక్షత్రం అన్నీ ఉన్నాయి అందులో. బల్ల వెనకున్న కుర్రాడు దాన్ని చూసి, "ఇది చాలదండీ. కానీ అఫిడవిట్ వేసి, మున్సిపాలిటీ నుంచి బర్త్ సర్టిఫికెట్ తెప్పించి, పాస్‌పోర్టు మార్పిస్తాం. చాలామందికి చేయించాం," అన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. ఐదు నెలలన్నాడు. జూన్‌కి నాలుగున్నర నెలలే ఉన్నాయి. తొందర పెట్టిస్తే నాలుగులో అవుతుందన్నాడు. నేను చెప్పబోయేది అబద్ధం కాదు, నిజమైన తేదీయే. అందుకే సిటీ బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నా మనసు తేలిగ్గానే ఉంది.

ఆ ఆదివారం మేనకోడలికి అంతా చెప్పాను. చెవి పట్టించడం, హెడ్మాస్టరు గారు, బెంజ్ సర్కిల్ కుర్రాడు, ఏదీ దాచలేదు. 

"మావయ్యా, నేను ఎప్పుడు పుట్టానో నాకు తెలుసు. అమ్మ ప్రతి ఆగస్టులో పాయసం చేసి ఫోన్ చేస్తుంది. కానీ ఇక్కడివాళ్ళకి నేనెవరో ఏం తెలుసు? కాగితాలు తెలుసు, అంతే. టెన్త్ ఒకటి చెప్పి, పాస్‌పోర్ట్ ఇంకోటి చెబితే, ఏది నిజమని అడుగుతారు. అడిగినప్పుడు చెవి సంగతి చెప్పనా?"

"నిజం మన వైపుంది కదమ్మా."

"ఉంది. రుజువు లేదు. వద్దు మావయ్యా. ఆ తేదీతోనే వచ్చాను, దాంతోనే ఉంటాను."

నా వల్లే ఐదు మార్కులు పోతున్నాయని, డిసెంబరులో ఆ మూడింటి దగ్గరే ఆగిపోతే ఏం చెయ్యాలో తెలియడం లేదని అన్నాను. అప్పుడామె నవ్వింది.

"నువ్వు తీసివేత ఒక్కటే చేశావు. కూడిక ఎవరు చేస్తారు? నువ్వు నన్ను ముందే బళ్ళో వెయ్యబట్టే ఏడాది ముందు టెన్త్ అయింది, ఏడాది ముందు ఇక్కడికొచ్చాను. నా తర్వాతి బ్యాచ్‌లో ఒకమ్మాయి చేరింది. మధ్యలో రూల్ మారి తనకి పర్మిటే రాలేదు. వెనక్కి వెళ్ళిపోయింది. నేను ఏడాది వెనక ఉంటే ఆ అమ్మాయి స్థానంలో నేనే ఉండేదాన్ని. ఐదు తీసుకుని పర్మిట్ ఇచ్చావు, నాకేం నష్టం?"

నేను ఆ లెక్క వెయ్యలేదు. రెండు పక్కలా రాయకుండా మొత్తం కట్టేశాను.  కానీ ఆమె నన్ను ఊరడించినా, మూడు మార్కులు మూడు మార్కులే. అవి ఎక్కడో వెతకాలి.

ఇంగ్లీషు పరీక్ష గడుల్లో దొరికాయి. వినడం, చదవడం, మాట్లాడడం, మూడింటిలో ఆమెకు పై మెట్టు వచ్చింది. రాయడంలో అర బ్యాండ్, అంటే ఆ పరీక్ష కొలతలో అర పాయింటు, తగ్గి కింది మెట్టులో ఆగింది. ఆ అర బ్యాండ్ పెరిగితే ఎనిమిది మార్కులు కలుస్తాయి. మూడు తక్కువకు ఎనిమిది కలిస్తే ఐదు ఎక్కువ. అదే మాట చెప్పాను. ఆదివారం ఓవర్‌టైమ్ ఎలాగూ దండగని తేలింది కాబట్టి, ఆదివారాలు వ్యాసాలు రాయమన్నాను. పరీక్షలో రాయాల్సింది రెండు వందల యాభై మాటల వ్యాసం, నలభై నిమిషాల్లో.

ఆమె రాసి ఫోటో తీసి పంపేది. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. దుకాణం ఉత్తరాలు చదువుకోగలను, అంతే. అందుకని నాకు చేతనైనది చేశాను. మాటలు లెక్కపెట్టాను. ఆమె వాక్యం సగటున ముప్పై నాలుగు మాటలు. పుస్తకంలో ఎక్కువ మార్కులు వచ్చిన వ్యాసాలు కొన్ని ఉంటే అవి కూడా పంపమని చెప్పి, వాటినీ లెక్కపెట్టాను. వాటిలో వాక్యం పద్దెనిమిది మాటలు. పైగా ఒక పెద్ద వాక్యం తర్వాత ఒక చిన్నది వస్తోంది. మా పిల్ల మనం మాట్లాడినట్టు వెళ్ళి, చూసి, అడిగి, తెలుసుకుని అని ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతోంది. మన దగ్గర అది అందమే. అక్కడ పరీక్ష దిద్దేవాడికి ఊపిరాడదు కాబోలు.

"ఇంగ్లీషు రాదంటావు, నా ఇంగ్లీషు తప్పులు పడతావు," అంది.

"తప్పులు పట్టలేదమ్మా. పొడవు కొలిచాను."

అలా పదకొండు ఆదివారాలు. ఒక్కో వ్యాసం కింద నేను మూడే అంకెలు రాసి పంపేవాణ్ణి: మొత్తం మాటలు, వాక్యాలు, అన్నిటికంటే పొడుగు వాక్యంలో మాటలు. వాక్యం సగటు ముప్పై నాలుగు నుంచి ఇరవై తొమ్మిదైంది, తర్వాత ఇరవై రెండు. ఒకసారి కోపమొచ్చి మూడేసి మాటల వాక్యాలతో వ్యాసమంతా రాసి పంపింది. చదివి నవ్వాను. అందులో సగం నన్ను తిట్టడమే. అయినా లెక్కపెట్టి అంకెలు పంపాను. మాటలు అందులో దాదాపు సరిపోయాయి, ఒక్కటే తక్కువ.

మే నెలలో పరీక్ష రాసింది. రాయడంలో అర బ్యాండ్ పెరిగింది. ఫోన్లో ఆ మాట వినగానే నేను క్యాలెండరు కాగితం మీద ఎనిమిది కలుపుకుని, మా ఆవిడకు చూపించాను. ఆమె నా లెక్క చూడకుండా పిల్ల గొంతు ఎలా ఉందని అడిగింది.

జూన్ ఒకటి వచ్చింది. ఆ రోజు ఎప్పుడూ మా ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోని తేదీ. నేను మాత్రం పొద్దున్నే లేచి ఆ ఐదు కొట్టేశాను. ఆమె నుంచి ఒక మెసేజ్ వచ్చింది. వెబ్‌సైట్‌లో మార్కులు తగ్గాయని, ఫ్యాక్టరీలో కాగితం చూసి ఎవరో కేకు తెచ్చారని, ముప్పై కొవ్వొత్తులు ఊదానని, అందులో ఒకటీ పావు కొవ్వొత్తి మావయ్యదని. పద్నాలుగు నెలలంటే ఒకటీ పావు కాదు, ఒకటీ ఆరోవంతు అని జవాబు పంపాను.

తర్వాత ఆరు నెలలు గీత కిందికీ పైకీ కదులుతూ ఉంది. ఒకసారి ఏడు పెరిగింది. ఆ వారం నేను దుకాణంలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇంకోసారి నాలుగు తగ్గింది. నేను చేయగలిగింది లేదు. ఆమె ఫ్యాక్టరీకి వెళ్తోంది, వస్తోంది. డిసెంబరు రెండో వారంలో రెండేళ్ళు నిండాయి. పదమూడు కలిశాయి. జనవరి మొదట్లో గీత గీశారు. ఆమె దానికి రెండు మార్కులు పైన ఉంది. దరఖాస్తు పెట్టుకోమని పిలుపు వచ్చింది. ఐదు ఉంటుందనుకున్న తేడా రెండుకు వచ్చి ఆగింది. రాయడంలో వచ్చిన ఎనిమిది లేకపోతే ఆరు తక్కువయ్యేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె తనంతట తనే లెక్క వేసుకుని ఫోన్ చేసి, "ఆరు, మావయ్యా," అంది. నేను "అవును," అన్నాను. 

దరఖాస్తులో తల్లిదండ్రుల పుట్టిన తేదీలు రాయాలి. మా బావది చేనేత సొసైటీ రికార్డులో ఉంది. అక్కది ఎక్కడా సరిగ్గా లేదు. ఆధార్‌లో జనవరి ఒకటి. ఓటరు కార్డులో వయసు ఇంకో లెక్కకు వస్తుంది. అక్కను అడిగితే, మా నాన్న కొత్త మగ్గం పెట్టిన ఏడు పుట్టానని చెప్పింది. వీడియో కాల్‌లో అక్క, బావ, పిల్ల ముగ్గురూ నావైపు చూశారు. పాతికేళ్ళ కిందటైతే నేను మగ్గం పెట్టిన ఏడు పట్టుకుని, నెల, తిథి వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ తేల్చేవాణ్ణి. అలాంటిదేం చెయ్యలేదు. అక్కను ఆధార్ కార్డు తెచ్చి చూపించమన్నాను. అందులో ఉన్న అంకెలు ఒక్కొక్కటే చదివాను. మేనకోడలు అవే రాసుకుంది.

మధ్యలో పర్మిట్ గడువు అయిపోయింది. దరఖాస్తు వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి పని చేసుకోవడానికి పొడిగించారు. ఆగస్టు దాటాక పీఆర్ వచ్చింది. కార్డు పోస్టులో అందిన రోజు ఆమె ఫోటో పంపింది. అక్క ఆ వారం కంటి పరీక్షకు మా ఇంటికి వచ్చి ఉంది. కొత్త కళ్ళజోడు ఇంకా రాలేదు. అక్క మా ఆవిడది పెట్టుకుని, ఫోను దూరంగా దగ్గరగా జరుపుతూ చాలాసేపు చూసింది. ముందు కూతురి మొహం చూసింది. తర్వాత దాని పక్కనున్న అంకెల మీద వేలు పెట్టింది.

"ఇదేనా ఆ తేదీ?"

"అదే అక్కా."

ఇంకాసేపు చూసి ఫోను నా చేతికిచ్చింది.

"బానే పెట్టావులే," అంది.